కణుజు ఊపిరి

కణుజు మూతికి తొడుగు బిగించే ముందు దాని కళ్ళకు గుడ్డ కట్టాలి. కట్టకపోతే బెదురుతుంది. బెదిరిన కణుజు, అంత పెద్ద జింక, నిలబడ్డచోటే గుండె ఆగి కూలిపోవడం పశువుల డాక్టర్ పరంజ్యోతి తన ఉద్యోగంలో రెండుసార్లు చూసింది. అందుకే ఆ పని గురవయ్యకు వదిలేసింది. గురవయ్య దగ్గరి చెంచుగూడెం మనిషి, అరవై దాటినవాడు. అతని చేతి వాసనకు అవి అలవాటుపడ్డాయి.

"నిలబడు తల్లీ, నిలబడు. అయిపోయినట్టే," అంటూ అతను ఆడకణుజు మెడ నిమురుతుంటే ఆమె తొడుగు బిగించి, దానికి తగిలించిన గాజు గొట్టాన్ని మంచుగడ్డల పెట్టెలో సర్దింది. జంతువు వదిలిన ఊపిరి ఆ చల్లటి గొట్టంలో చెమ్మగా మారి, చుక్కచుక్కగా అడుగునున్న సీసాలోకి దిగసాగింది. ఇరవై నిమిషాలకు రెండు చెంచాల నీళ్ళు. అంతకంటే ఎక్కువ రాదు. ఆ నీటిని సన్నటి జల్లెడ పొరలోంచి వడకట్టి, పురుగు గుడ్డుగానీ క్రిమిగానీ లేకుండా చేసి, మధ్యాహ్నంలోగా పట్నంలోని ఆసుపత్రికి చేర్చాలి. సాయంత్రానికి అది ఉత్త నీళ్ళయిపోతుంది.

నల్లమల అంచున, ఎత్తయిన కంచె వేసిన ఆ దొడ్డిలో పదకొండు కణుజులున్నాయి. పదకొండింటి ఊపిరితిత్తుల్లోనూ పురుగులున్నాయి. గడ్డిలో కలిపి వాటికి పురుగుల్ని ఎక్కించింది పరంజ్యోతే.

మూడేళ్ళ కిందట ఘాట్ రోడ్డుమీద లారీ గుద్దిన ఒక ముసలి పోతు కణుజును ఆమె కోసి చూసింది. శ్వాసనాళంలో తెల్లటి పురుగులు ఉడికిన సేమ్యాలా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. అన్ని పురుగులు కాపురమున్న ఊపిరితిత్తులు గట్టిపడి, ముడులు పడి, మచ్చలతో నిండిపోవాలి. అడవి దున్నల్లో, దుప్పుల్లో ఆమె చూసినవన్నీ అలాంటివే. ఇవి మాత్రం లేగదూడ ఊపిరితిత్తుల్లా మెత్తగా ఉన్నాయి. నమ్మలేక చేతి తొడుగు విప్పి వట్టి వేళ్ళతో నొక్కి చూసింది.

గట్టిపడ్డ ఊపిరితిత్తి అంటే ఏమిటో ఆమెకు పుస్తకాలు చెప్పాల్సిన అవసరం లేదు. ఆమె పుట్టింది పలకలపేటలో. అక్కడ ఇంటింటా పలక రాయి కోసే మిషను మీద పనిచేసిన మగవాళ్ళు, ఇంటింటా నలభై ఏళ్ళకే రొప్పే మగవాళ్ళు. రాతి దుమ్ము లోపలికి పోయి పేరుకుంటుంది. దాని చుట్టూ శరీరం మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ కట్టి చివరికి ఊపిరితిత్తి పలకలాగే అవుతుంది. దానికి మందు లేదు. వాళ్ళ నాయన యోసేపు అలాగే పోయాడు. ఇప్పుడు అన్న జకరయ్య అదే దారిలో ఉన్నాడు.

ముసలి కణుజు ఊపిరితిత్తి ముక్కను ఆమె పట్నంలో డాక్టర్ పినాకపాణి దగ్గరికి పట్టుకెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా పలకల పనివాళ్ళ ఛాతీలు చూస్తున్న పెద్దాయన. సూక్ష్మదర్శిని మీద వంగి చాలాసేపు తల ఎత్తలేదు.

"దీనికి మచ్చ ఎందుకు కట్టలేదమ్మా?" అన్నాడు చివరికి.

ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఏడాది పట్టింది. ఆ పురుగుకు మెత్తటి ఊపిరితిత్తి కావాలి. అందుకని అది ఏదో వదులుతుంది. అది తగిలినచోట శరీరం కొత్త మచ్చ కట్టదు, కట్టిన మచ్చ కూడా మెల్లగా కరిగిపోతుంది. పురుగును బయటికి తీసి గాజు సీసాలో పెంచితే వదలదు. బతికున్న జంతువు లోపల, బతికున్న పురుగు మాత్రమే వదులుతుంది. అది బయటికొచ్చే దారి ఒక్కటే, జంతువు ఊపిరి.

* * *

మొదటి జట్టులో ఐదుగురికి మందు మొదలుపెట్టారు. పేటలో దాన్ని "కణుజు మందు" అన్నారు. రోజూ మధ్యాహ్నం ఆసుపత్రికొచ్చి, ఆవిరి మిషను గొట్టం మూతికి పెట్టుకుని పది నిమిషాలు పీల్చాలి. జకరయ్య పేరు ఆ ఐదుగురిలో లేదు.

"నీ అన్నని మొదట్లో పెడితే రేపు నలుగురూ నాలుగు మాటలంటారు," అన్నాడు పినాకపాణి. "రెండో జట్టులో చూద్దాం."

జకరయ్యకు నలభై ఒకటి. మూడేళ్ళుగా అతను వెల్లకిలా పడుకోలేదు. గోడకు మూట ఆనించుకుని, దానికి వీపు ఆనించి కూర్చునే నిద్రపోయేవాడు. పెరటి కుళాయి దాకా వెళ్ళి రావడానికి రెండుసార్లు ఆగేవాడు. భార్య కరుణమ్మ ఇంకా పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి పోతోంది. కూతురు సువార్తకు ఏడేళ్ళు.

పరంజ్యోతి ఆదివారాలు ఇంటికి వెళ్ళేది. ఒక ఆదివారం ఆమె గడప దాటేసరికి పిల్ల ఎదురొచ్చి, "అత్తా, బాలస్వామి తాత గుడి మెట్లు ఎక్కినాడు! ఒక్కడే! ఆగకుండా!" అంది.

బాలస్వామి మొదటి ఐదుగురిలో ఒకడు. రెండు నెలల కిందట అతన్ని మంచంతో సహా మోసుకొచ్చారు.

"నిజమేనా పాపా?" అని చెల్లెల్ని అడిగాడు జకరయ్య గోడకు ఆనుకున్నచోటి నుంచే. ఆమెను అతను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు. ప్రతి నాలుగు మాటలకూ ఒకసారి ఊపిరి తీసుకోవాలి అతను. "మెట్లెక్కినాడంట... నేను చూళ్ళా... జనం చెప్తండారు."

"నిజమే అన్నా. ఛాతీ ఎక్స్‌రే ఫోటో తీసి చూశాం. మచ్చ కరుగుతోంది."

"నా వంతు ఎప్పుడు?"

"నెలలోపే."

కరుణమ్మ వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆమె వెనకే వీధిలోకి నడిచింది. మొగుడికి వినపడనంత దూరం వచ్చాక అడిగింది. "నెల అంటివే. పెద్ద డాక్టరు పోయిన వారం నాతో మూడు నెల్లు అన్నాడు. మూడు నెల్లే ఉంటాడని. ఈలోగా ఏదన్నా అడ్డం రాదు గదా?"

"ఏం రాదు వదినా."

"ఒట్టు పెట్టు."

పరంజ్యోతి ఆమె చేతిలో చెయ్యి వేసింది.

* * *

రెండో జట్టు మొదలవడానికి ఎనిమిది రోజుల ముందు, పొద్దున్నే దొడ్డి దగ్గరికి వెళ్ళేసరికి గురవయ్య ఒక కణుజు పక్కన కూర్చుని ఉన్నాడు. అది చచ్చి అప్పటికి గంటో రెండు గంటలో అయినట్టుంది.

అతను "ఎర్రక్క" అని పిలిచే ఆడ కణుజు అది. ఇరవై రోజుల కిందట కంచె ముల్లు గీరుకుని దాని తొడమీద చిన్న గాయమైంది. గురవయ్య రెండుసార్లు చెప్పాడు. "డాక్టరమ్మా, దీని పుండు పక్కు కట్టటం లేదు. పసరు పోసినా, మీరు మందు రాసినా అట్టనే పచ్చిగా ఉండాది. నేనెప్పుడూ ఇట్టాంటిది చూళ్ళా." ఆమె మందు మార్చి ఊరుకుంది.

టార్పాలిన్ పరిచి, ఇద్దరూ కలిసి దాన్ని దానిమీదికి లాగారు. గురవయ్య ముందుకాళ్ళు పట్టుకున్నాడు. ఆమె ఛాతీ తెరిచింది.

పురుగులు ఉన్నాయి. ఊపిరితిత్తులు మెత్తగానే ఉన్నాయి. కానీ ఎడమవైపు పైభాగంలో నిమ్మకాయంత పాత గుల్ల ఒకటి కనిపించింది. ఈ జంతువు ఎప్పుడో దూడగా ఉన్నప్పుడు, బహుశా అడవిలోకి మేతకొచ్చిన గొడ్ల నుంచి, టీబీ అంటించుకుంది. శరీరం ఆ క్రిముల్ని చంపలేక చుట్టూ గట్టి గోడ కట్టి మూసేసింది. అలా మూసేస్తే జంతువు ముసలిదయ్యేదాకా బతికేస్తుంది. ఇప్పుడు ఆ గోడ లేదు. తడిసిన కాగితంలా వేలికి తగిలితే చిరిగిపోయింది. లోపలున్న పసుపుపచ్చటి ముద్ద కింద ఊపిరితిత్తి అంతటా విరిగిన పాలలా పారి ఉంది.

ఆమె షెడ్డులోకి వెళ్ళి ఆ ముద్దను గాజు పలకమీద రాసి, రంగు వేసి చూసింది. నీలం మీద సన్నటి ఎర్ర పుల్లలు, టీబీ క్రిములు. ఒకటీ రెండూ కాదు, ఎక్కడ చూస్తే అక్కడ.

ఆ గోడ కట్టేది మచ్చతోనే. తాము కరిగిస్తున్నది ఆ మచ్చనే.

రాతి దుమ్ము తిన్న ఛాతీల్లో టీబీ సులువుగా చేరుతుందని పినాకపాణి తరచూ అనేవాడు. అందుకే మందు ఇచ్చేముందు అందరికీ కళ్ళె పరీక్ష చేయించాడు. అందరిదీ శుభ్రంగా వచ్చింది. కానీ గోడ లోపల మూసుకుని ఉన్నది కళ్ళెలో కనపడదు. పేటలో ఎంతమంది ఛాతీల్లో అలాంటి మూసిన గదులున్నాయో ఎవరూ చెప్పలేరు. సగం మందిలో ఉండొచ్చు. అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

ఇది చెబితే మందు ఆగిపోతుంది. మళ్ళీ పరీక్షలు, కమిటీలు, ఉత్తరాలు. తక్కువలో తక్కువ ఏడాది. జకరయ్యకు ఉన్నది మూడు నెలలు.

ఒక్క జంతువు, అనుకుంది. అది కూడా గొడ్ల నుంచి అంటించుకున్నది. మనుషుల్లో ఇలాగే అవుతుందని ఎక్కడ రుజువైంది? మిగతా పది బాగానే ఉన్నాయి కదా. ఇలా ఎన్ని చెప్పుకున్నా వేళ్ళ చివర ఆ తడి కాగితం చిరిగిన అనుభూతి పోలేదు. ఆమె లేచి గాజు పలకను కుళాయి కింద పెట్టి, రంగు పోయేదాకా కడిగింది. రిజిస్టరు తీసి మరణ కారణం అన్నచోట "బెదురు వల్ల గుండె ఆగి" అని రాసింది.

బయట గురవయ్య ఇంకా కణుజు పక్కనే ఉన్నాడు.

"లోపల ఏముండాదమ్మా?"

"ఏం లేదు గురవయ్యా. బెదిరింది అంతే. కాల్చేద్దాం."

అతను ఆమెను చూశాడు, తర్వాత కణుజును చూశాడు. "ఇది బెదిరే రకం కాదే," అన్నాడు. మళ్ళీ ఏమీ అడక్కుండా పుల్లలు ఏరడానికి వెళ్ళాడు.

* * *

రెండో జట్టులో ఇరవయ్యారు మంది. జకరయ్య ఏడో పేరు.

మూడో వారానికి అతను కుళాయి దాకా ఆగకుండా వెళ్ళొచ్చాడు. ఐదో వారంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని, చాపమీద వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. కరుణమ్మ పనిలోంచి వచ్చి అలా పడుకున్న మొగుణ్ణి చూసి, ప్రాణం పోయిందనుకుని కేక పెట్టింది. అతను ఉలిక్కిపడి లేచి, "ఏందే నీ గోల, నిద్రపోనీవా?" అన్నాడు. ఆ మాట మొత్తం ఒక్క ఊపిరిలో అన్నాడు. కరుణమ్మ గడపమీద కూలబడి ఏడ్చింది. తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సంగతి ఆమె పరంజ్యోతికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

మూడో నెలకు జకరయ్య నులక మంచాలు అల్లడం మొదలుపెట్టాడు. రాయి కోసే పనికి ముందు వాళ్ళ నాయన నేర్పిన పని. ఆదివారం పాటల్లో గొంతు కలిపాడు. సువార్తను భుజాలమీద ఎక్కించుకుని చెరుకు రసం బండి దాకా నడిచాడు. ఇన్నేళ్ళూ తండ్రి ఒళ్ళో కూర్చోవద్దని, ఆయాసం వస్తుందని కసిరించుకున్న పిల్ల ఇప్పుడు అతన్ని వదల్లేదు. అతని గుండెమీద తల పెట్టుకునే పడుకునేది.

"అత్తా, ముందు నాయన లోపల పిల్లి గుర్రుమన్నట్టు ఉండేది. ఇప్పుడేం లేదు. నువ్వూ విను," అంది ఒకసారి.

పరంజ్యోతి అన్న ఛాతీకి చెవి ఆనించి వింది. గాలి హాయిగా వస్తోంది, పోతోంది. కళ్ళు మూసుకుని ఆమె ఆ చప్పుడే వింటూ ఉండిపోయింది. అప్పటికి ఎర్రక్క చచ్చి నాలుగు నెలలు. ఏమీ కాలేదు. తాను చేసిందే సరైన పనేమో అని మొదటిసారి అనిపించింది ఆమెకు.

"నాయన ఉండుంటే..." అన్నాడు జకరయ్య ఆమె తల నిమురుతూ. 

* * *

రెండో జట్టు మొదలైన ఆరో నెలలో బాలస్వామి రక్తం కక్కాడు.

దగ్గుతో పాటు చారలుగా కాదు, ఒక్కసారిగా గిన్నెడు. ఆసుపత్రికి తెచ్చేలోగా ఇంకోసారి. కళ్ళె పరీక్షలో టీబీ క్రిములు ఎన్ని ఉన్నాయంటే ల్యాబులో పనిచేసే అమ్మాయి లెక్క రాయకుండా "నిండా" అని రాసింది. ఆ వారంలోనే మరో ఇద్దరు. తర్వాతి వారం నలుగురు. పినాకపాణి టీబీ మాత్రలు మొదలుపెట్టాడు. క్రిములు చస్తున్నాయి. కానీ అవి తినేసినచోట పడ్డ గుంతలు పూడటం లేదు. పూడాలంటే మచ్చ కట్టాలి. ఆ మనుషుల ఛాతీల్లో మచ్చ కట్టడం ఆగిపోయి ఆరు నెలలు, కొందరికి అంతకంటే ఎక్కువే అయింది.

మొదటి మరణం రోజు సాయంత్రం ఆయన తన గదిలో ఫోటోలన్నీ వెలుగు పెట్టెమీద పరుచుకుని కూర్చున్నాడు. పరంజ్యోతి తలుపు దగ్గర నిలబడింది. ఆ పొద్దున ఆమె తన అన్న కళ్ళెను తానే పరీక్ష చేసింది. అందులోనూ ఎర్ర పుల్లలే. సువార్తకు పది రోజులుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తోందని కరుణమ్మ చెప్పింది.

"నాకు అర్థం కావడం లేదు," అన్నాడాయన తల తిప్పకుండా. "అందరికీ ఒక్కసారే ఎలా తిరగబెట్టింది? జంతువుల్లో ఎక్కడైనా ఇలాంటిది కనపడిందేమోనని నీ రిజిస్టరు మళ్ళీ చదివాను. ఒక్కటి చచ్చింది, అది బెదిరి చచ్చింది. ఇంకేం లేదు."

"అది రిజిస్టరులో ఉన్నది సార్."

ఆయన తిరిగి చూశాడు.

"అది బెదిరి చావలేదు," అంది. నిలబడే అంతా చెప్పింది. గుల్ల, చిరిగిన గోడ, ఎర్ర పుల్లలు, కడిగేసిన గాజు పలక. చెబుతున్నంతసేపూ ఆయన ముఖంలోకి చూస్తూనే ఉంది. అందులో కోపం కనపడితే బాగుండుననుకుంది. కోపం రాలేదు. ఆయన ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

"ఆ రోజుకి ఎంతమందికి ఇచ్చాం?"

"ఐదుగురికి."

"తర్వాత?"

"ఇరవయ్యారు మందికి."

ఆయన వెలుగు పెట్టె ఆర్పేశాడు. 

"చచ్చిన జంతువు స్లైడు ఏదమ్మా అని నేను అడగాల్సింది," అన్నాడు. "ముప్పై ఏళ్ళ నుంచీ ప్రతిదీ అడిగినవాణ్ణి. ఆ రోజు అడగాలనిపించలేదు. జనం మెట్లు ఎక్కుతున్నారు. ఎందుకు అడుగుతాను?" కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "రేపట్నుంచి మందు ఆపేయాలి. ఆపితే మళ్ళీ మచ్చ కడుతుంది, గుంతలు పూడతాయి. పూడ్చి ఊరుకోదు. అంతా గట్టిపడుతుంది, ముందుకన్నా తొందరగా. ఆపకపోతే రక్తం కక్కుకుని పోతారు. ఇందులో ఏది మంచిదో నేను వాళ్ళకెలా చెప్పాలి, నువ్వే చెప్పు."

* * *

మర్నాడు మధ్యాహ్నం ఆమె పలకలపేటకు వెళ్ళింది. జకరయ్య వేపచెట్టు నీడలో మంచం అల్లుతున్నాడు. ఎదురుగా మట్టిలో కూర్చుని చెప్పింది. నులక లాగుతున్న అతని చేతులు మొదట ఆగలేదు. సగం దూరం విన్నాక ఆగాయి.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"నీకు మొదటిసారి మందు పెట్టక ముందే."

"ఎన్నాళ్ళ ముందు?"

"ఎనిమిది రోజులు."

అతను నులక చుట్టను కిందపెట్టాడు. "నాకోసం చేసినావు."

ఆమె తల ఊపింది.

"ఏడవబాక. నాకు చెప్పినా గూడా నేను తీసుకునేవాణ్ణే. ఆర్నెల్లు పడుకోని నిద్రపోయినా. కూడు తిన్నా. పాట పాడినా. మా నాయనకి అదీ లేకపోయె. నాకు అది చాలు, దాని గురించి నిన్నేం అన్ను." అతని చూపు ఇంటివైపు తిరిగింది. లోపల చాపమీద సువార్త దగ్గుతోంది, కరుణమ్మ తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. "గానీ పాపా, పిల్లని పక్కలో ఏసుకున్నా గదా నేను. రోజూ. నా గుండెకాయ మీద పడుకోబెట్టుకున్నా. నాకు తెలిసుంటే దాన్ని గడప దాటి నా కాడికి రానిస్తానా?"

లోపల పిల్ల మళ్ళీ దగ్గింది.

"ఆ ఒక్క మాట చెప్పకపోతివే," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ తర్వాత అతను బతికిన నాలుగు నెలల్లో ఆమెను పాపా అని పిలవలేదు.

* * *

మందు ఆపేశారు. దొడ్డిలో మిగిలినవి ఏడు కణుజులు. మందు ఆపాక నెల తిరక్కుండానే మూడు పురుగుల బరువుకే రొప్పి రొప్పి చచ్చాయి. ఎర్రక్కతో కలిసి మేసిన వాటిని అడవిలోకి వదిలితే వాటి నుంచి అడవి మొత్తానికి టీబీ పాకుతుంది. కాబట్టి ఇంజక్షన్లు ఇచ్చి చంపేయాలి. ఆ ఏడింటికీ గురవయ్యే కళ్ళకు గుడ్డ కట్టాడు, మెడ నిమిరాడు. ఏడోది పక్కకు వాలిపోయాక చేతులు మట్టితో రుద్దుకుని తుడుచుకున్నాడు.

"ఎర్రక్క పుండు నాకు చెప్పింది. నేను నీకు చెప్పినా," అన్నాడు. ఆమెను నువ్వు అనడం అదే మొదలు. "మళ్ళీ నన్ను పిలవబాక తల్లీ."

కంచె తలుపు తీసిపెట్టి, వెనక్కి చూడకుండా అడవిలోకి నడిచి వెళ్ళాడు.

వానాకాలం ముగిసేలోగా ముప్పై ఒక్కమందిలో పద్దెనిమిది మంది పోయారు. కొందరు రక్తం కక్కుకుని, ఎక్కువమంది గట్టిపడి. జకరయ్య గోడకు ఆనించిన మూట మీదే వీపు ఆనించి, కూర్చునే పోయాడు. సమాధి తోటలో కరుణమ్మ ఆడబిడ్డ వైపు చూడలేదు. పెట్టెమీద మట్టి వేయడానికి పరంజ్యోతి వంగితే ఎవరో పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

విచారణ జరిగింది. పరంజ్యోతి ఏదీ దాచలేదు. ఆమె వైద్యం చేసే హక్కు తీసేశారు. కేసు నడుస్తోంది. పినాకపాణి తన ఆసుపత్రి గదిని తానే మూసేసి వెళ్ళిపోయే ముందు, ఆమె అడిగిన ఒక్క పని మాత్రం చేసిపెట్టాడు. పేటలో టీబీ మాత్రలు వేసుకునే వాళ్ళ ఇంటికి రోజూ వెళ్ళి, కళ్ళెదురుగా మింగించి, కార్డుమీద గుర్తు పెట్టే పనిలో ఆమె పేరు చేర్పించాడు. ఆ పనికి డాక్టరు అక్కర్లేదు.

సువార్త ఒంట్లోకి కణుజు మందు ఎప్పుడూ పోలేదు. దాని ఊపిరితిత్తి అందరి ఊపిరితిత్తుల్లాగే మచ్చ కట్టగలదు. మాత్రలు సరిగ్గా వేసుకుంటే బతుకుతుంది, కాకపోతే ఎడమవైపు కొంత పనికిరాకుండా పోతుంది. పరుగు పెడితే ఆయాసం వస్తుంది. ఎప్పటికీ వస్తుంది.

ఆరు నెలలపాటు రోజూ పొద్దున ఏడింటికి పరంజ్యోతి ఆ ఇంటి ముందు నిలబడింది. లోపలికి రమ్మని కరుణమ్మ అనలేదు, ఆమె గడప తొక్కలేదు. కరుణమ్మ పిల్లను చెయ్యి పట్టుకుని గడప దాకా తెచ్చేది. పిల్ల మాత్రలు నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక బయటపెట్టి చూపించేది. పరంజ్యోతి కార్డుమీద గుర్తు పెట్టేది. తలుపు మూసుకునేది. మొదట్లో పిల్ల "అత్తా" అనేది. తల్లి చెయ్యి గట్టిగా నొక్కడం పరంజ్యోతికి కనిపించేది. తర్వాత పిల్ల కూడా మానేసింది.

చివరి రోజు పిల్ల మాత్రలు మింగి, నాలుక చూపించి లోపలికి పరుగెత్తింది. నాలుగు అడుగులకే ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఇద్దరు ఆడవాళ్ళూ దాన్ని చూశారు.

"అయిపోయినయ్యా?" అంది కరుణమ్మ. జకరయ్య పోయాక ఆమె పరంజ్యోతితో మాట్లాడటం అదే మొదటిసారి.

"అయిపోయినయ్యి వదినా. కార్డు నిండింది."

"రేప్పట్నించి రాబాక అయితే."

పరంజ్యోతి కార్డు గడపమీద పెట్టింది. కరుణమ్మ తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడయ్యాక, ఆమె భుజాన సంచి సర్దుకుని పక్క సందులోకి తిరిగింది. అక్కడ బాలస్వామి భార్య అరుగుమీద మంచినీళ్ళ చెంబు పెట్టుకుని, తన మాత్రల కోసం కూర్చుని ఉంది.